కురవని పైకప్పు

సైకిల్ షాపు మీది గది,
జూన్, మొదటి ఆదివారం

పిచ్చుకా,

కింద సైకిల్ షాపాయన నన్ను చూసి నవ్వుతున్నాడు. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటమ్మా, హాయిగా ఫోన్లో మాట్లాడుకోక, అంటాడు. ఇరవై ఎనిమిదేళ్ళు ప్రెస్సులో కటింగ్ మిషను పక్కన కూర్చుని పుస్తకాల ఫారాలు కుడుతూ దాని మోత విన్న చెవులివి, ఎదురుగా నిలబడి అరిస్తేనే సగం వినపడుతుంది, ఇక ఫోన్లో ఏం వినపడుతుంది అన్నాను. దానికి ఆయన ఏదో అన్నాడు. అదీ వినపడలేదు.

పింఛను ఒకటో తారీఖునే పడింది. ఎప్పటిలాగే కవర్లలో సర్దేశాను. అద్దెకొకటి, తిండికొకటి, మందులకొకటి, కరెంటుకీ గ్యాసుకీ కలిపి ఒకటి. ఐదో కవరు మీద 'ఇతరములు' అని గుండ్రంగా రాసి పెట్టుకున్నాను చూడు, దానికి పాపం లోపల ఏదైనా ఉండటం ఎలా ఉంటుందో ఇంతవరకూ తెలీదు.

మార్కెట్టుకి మూసే వేళకే వెళ్తున్నాను. కూరగాయలావిడకి నా సంగతి బాగా తెలిసిపోయింది. దూరం నుంచి నేను కనపడగానే వాడిపోయినవన్నీ ఒక పక్కకి తోస్తుంది. మొన్న వంకాయలు బాగానే ఉన్నాయి. "ఇవింకా నీ లెక్కకి రాలేదు, రేపు రా" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. సాయంత్రాలు లైబ్రరీలో కూర్చుంటాను. అక్కడి లైటు, అక్కడి ఫ్యాను, నాకు పైసా ఖర్చు లేదు. పైగా లైబ్రేరియను చిరిగిపోయిన పుస్తకాలు నాకే ఇస్తోంది. కుట్టి, అట్ట వేసి ఇస్తే పుస్తకానికింతని లెక్క. ఆ డబ్బు మాత్రం కవర్లలో కలపను. అది పాత జిగురు డబ్బాలోకి పోతుంది. నా కుడి కన్ను పొర సంగతి తెలుసుగా. పెద్దాసుపత్రిలో ఆపరేషను ఊరికే చేస్తారు గానీ, కంట్లో పెట్టే లెన్సు మనమే కొనుక్కోవాలి. నా వంతు ఆగస్టులో వస్తుంది. డబ్బాలో దాదాపు సరిపోయేంత ఉంది.

ఒక సంగతి చెప్పాలి. మొన్న బ్యాంకులో మన ప్రెస్సు పాత మేనేజరు కనిపించాడు. ఎలా గడుస్తోందమ్మా అన్నాడు జాలిగా మొహం పెట్టి. ఇదివరకైతే ఆ జాలికి నాలుగు రోజులు నిద్ర పట్టేది కాదు. ఈసారి ఏమీ అనిపించలేదు. ఎందుకంటే నా పక్క బల్ల దగ్గర కుట్టిన నువ్వూ అక్కడ అచ్చంగా అంతే పింఛనుతో గడుపుతున్నావు. ఒక్కదాన్నే అయితే దాన్ని లేమి అంటారు. ఇద్దరం అయ్యేసరికి అదొక పద్ధతిలా ఉంది.

నీ కబుర్లు రాయి. కొత్తగా ఏం పొదుపు కనిపెట్టావో కూడా రాయి.

అక్క


స్టేషను వెనక వీధి,
జూన్, రెండో శనివారం

అక్కా,

ఐదో కవరు దగ్గర నవ్వాపుకోలేకపోయాను. ప్రెస్సులో ఫోర్మను చూడకుండా నువ్వు వేసే జోకులకి నేను కిచకిచమని నవ్వి దొరికిపోయేదాన్ని, ఈ పేరు అలాగే కదా పడింది.

నా దగ్గర చెప్పడానికేముంది. అదే గది, అవే రైళ్ళు. కొత్త పొదుపు అడిగావు కాబట్టి చెప్తాను. రాత్రి తిండి మానేశాను. పొద్దున టీ, సాయంత్రం నాలుగింటికి ఒక్క భోజనం. వారం రోజులు కడుపు గోల పెట్టింది, తర్వాత దానంతటదే ఊరుకుంది. గ్యాసు బాగా కలిసొస్తోంది.

ఒక్కటే చికాకు. వానలు మొదలయ్యాక పైకప్పు కురుస్తోంది. సరిగ్గా మంచం మీదికే. గిన్నె పెట్టుకుని పక్కకి ఒదిగి పడుకుంటున్నాను. ఇంటావిడని అడిగితే, కావాలంటే నువ్వే బాగు చేయించుకో అంది. సరేలే, వానలెన్నాళ్ళుంటాయి.

కన్ను జాగ్రత్త. ఆగస్టు వంతు పోగొట్టుకోకు.

పిచ్చుక


పార్కు ఎదురు ఫ్లాటు, మూడో అంతస్తు,
జూన్, అదే శనివారం
(రాసి, పోస్టు చేయనిది)

అక్కా,

పొద్దున నీకు రాసిన ఉత్తరం పోస్టు చేసి వచ్చి ఇది రాస్తున్నాను. ఇది నీకు పంపే ధైర్యం ఉంటే ఆ ఉత్తరం రాసేదాన్నే కాదు.

నేను స్టేషను వెనక వీధిలో లేను. రెండు నెలలైంది. జనవరిలో మా తమ్ముడు పోయాడని రాశాను. అతని మెకానిక్ షెడ్డు ఉన్న స్థలం నాకు వచ్చిందని మాత్రం రాయలేదు. ఆ స్థలం పక్కనున్న పెద్ద కంపెనీకి కావలసి వచ్చింది. వాళ్ళిచ్చింది చూసి బ్యాంకు వాళ్ళు నాకు కుర్చీ వేశారు. ఈ ఫ్లాటు కొనగా మిగిలినదాని మీద నెలనెలా వడ్డీ వస్తుంది. అది మన పింఛనుకి ఆరు రెట్లు.

పాత ఇంటావిడ నా పేరు మీద వచ్చే ఉత్తరాలు తీసి ఉంచుతుంది. శనివారాలు ఆటోలో వెళ్ళి తెచ్చుకుంటాను. అక్కడే ఆ గదిని ఓసారి చూసి వస్తాను, ఏమైనా రాయాలి కదా. ఆ గది పైకప్పు ఏనాడూ కురవలేదక్కా. కష్టం లేకుండా ఉత్తరం రాస్తే నువ్వు పసిగడతావని వాన కురిపించాను. రాత్రి తిండి సంగతీ అంతే. నిన్న రాత్రి కోడికూర తిన్నాను.

డబ్బు వచ్చిన వారమే చెబుదామనుకున్నాను. అప్పుడే నీ ఉత్తరం వచ్చింది, ఇద్దరిలో ఎవరం ముందు పోయినా రెండోదానికి ఈ పింఛనుతో ఒంటరిగా బతికే ధైర్యం చాలదే, అని రాశావు. ఇప్పుడెలా చెప్పను అని ఆగాను. ఆగేకొద్దీ చెప్పలేకపోయాను.

ఈ ఫ్లాటు బాత్‌రూములో వేడినీళ్ళు తిప్పితే వస్తాయి. కింద నిలబడితే ఒళ్ళంతా హాయిగా ఉంటుంది, సరిగ్గా అప్పుడే నువ్వు గుర్తొస్తావు. కట్టేస్తాను. కట్టేస్తే నీకేమైనా ఒరుగుతుందా, లేదు. అయినా కట్టేస్తాను.


సైకిల్ షాపు మీది గది,
జూలై, మొదటి వారం

పిచ్చుకా,

ఈ ఉత్తరంతో పాటే మనియార్డరు చేశాను. అది పైకప్పుకి. కాదూ కూడదని తిప్పి పంపావో, ఈ జన్మకి నీతో మాటల్లేవు.

డబ్బెక్కడిదని అడుగుతావు. జిగురు డబ్బాలోదే. కంగారు పడకు. ఆసుపత్రి వాళ్ళు నా వంతు ఇంకో ఆర్నెల్లు వెనక్కి జరిపారు. అందాకా ఆ డబ్బు డబ్బాలో ఊరికే మూలుగుతూ ఉండాలా? తడి మంచం మీద పడుకుంటే నీ ఊపిరితిత్తులు ఏమవుతాయో నాకు తెలుసు. ప్రెస్సులో కాగితం దుమ్ముకి నువ్వు దగ్గిన దగ్గులన్నీ పక్కన కూర్చుని విన్నదాన్ని. అప్పుడు చెవులు బాగానే పనిచేసేవి.

నీ నాలుగింటి భోజనం నేనూ మొదలుపెట్టాను. నువ్వక్కడ రాత్రిళ్ళు ఖాళీ కడుపుతో పడుకుంటున్నావని తెలిశాక ఇక్కడ నాకు ముద్ద దిగలేదు. మొదటి వారం కడుపు గోల పెడుతుందన్నావు, నిజమే. రెండో వారం కళ్ళు తిరిగాయి. అది వయసులే. గ్యాసు మాత్రం నువ్వన్నట్టే కలిసొచ్చింది.

కప్పు బాగుచేసేవాడు పైకెక్కినప్పుడు నువ్వు కింద నిలబడి చూడు. రెండు పెంకులు మార్చి పది మార్చానంటారు.

అక్క


స్టేషను వెనక వీధి,
జూలై, మూడో వారం

అక్కా,

డబ్బు అందింది. పోస్టుమాను సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. సగంలో ఆగితే, పెద్దావిడ కదా అని ఆయనే కాగితం పట్టుకున్నాడు.

నువ్వు అంత పని చేయకుండా ఉండాల్సింది. కప్పు బాగైంది. ఇప్పుడు ఒక్క చుక్క కూడా పడటం లేదు. ఆ డబ్బు పూర్తిగా కూడా పట్టలేదు, మిగిలింది పంపేస్తాను.

రాత్రి తిండి మానడం మాత్రం దయచేసి ఆపెయ్యి. నేను ఆపేశాను. డాక్టరు గట్టిగా తిట్టాడు, ఈ వయసులో అలా చేయకూడదన్నాడు. నేను రోజూ రాత్రి తింటున్నాను, ఒట్టు. నువ్వూ తిను.

పార్సిలు పంపుతున్నాను. పాలపొడి, బాదంపప్పు, ఒక శాలువా. ఇంటావిడ కూతురు తెచ్చింది, నాకెందుకు ఇవన్నీ అని నీకు పంపుతున్నాను. కన్ను ఎలా ఉందో రాయి. వంతు నిజంగా ఆర్నెల్లు జరిపారా?

పిచ్చుక


సైకిల్ షాపు మీది గది,
సెప్టెంబరు, రెండో వారం

పిచ్చుకా,

గీతలున్న కాగితం మీద రాస్తున్నాను, అయినా అక్షరాలు మెట్లు దిగుతున్నట్టుంటే క్షమించు. రెండు నెలలుగా రాయనందుకు కారణం బద్ధకం. ఇంకేం లేదు.

పార్సిలు వచ్చినట్టే తిప్పి పంపాను. పోస్టేజీ అయిందనుకో, అవనీ. శాలువా మడతలో ధర చీటీ ఉండిపోయింది. దాని మీది అంకె షాపాయనతో రెండుసార్లు చదివించుకున్నాను. అంత ఖరీదైనది ఎవరూ ఎవరికీ ఊరికే ఇవ్వరు. నేను పంపిన దానికి బదులు తీర్చాలని నువ్వు ఎక్కడో అప్పు చేశావు. నా మీద అభిమానం ఉంటే ఇలాంటివి చేయకు.

నా దగ్గర ఒక నవ్వు కబురుంది. లైబ్రరీ పుస్తకం ఒకటి కుట్టి ఇచ్చాను, లైబ్రేరియను తెరిచి చూస్తే మూడు ఫారాలు తలకిందులు. నేను కుట్టాను! ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క ఫారం తిప్పి కుట్టని దాన్ని. ఆ పిల్ల మంచిది. ఏం అనలేదు. ఇక నుంచి మీకు శ్రమ ఎందుకమ్మా, కొన్నాళ్ళు రెస్టు తీసుకోండి, అని మెల్లగా పుస్తకాలు వెనక్కి తీసుకుంది. కాబట్టి ఇప్పుడు సాయంత్రాలు బోలెడంత తీరిక.

కన్ను బాగానే ఉంది. కాస్త నొప్పి, అంతే. రాత్రి తిండి సంగతంటావా, అలవాటైపోయిందిలే, ఇప్పుడు మళ్ళీ మొదలుపెడితే కవర్లు ఒప్పుకోవు.

అక్క


పార్కు ఎదురు ఫ్లాటు, మూడో అంతస్తు,
సెప్టెంబరు, మూడో వారం

అక్కా,

పైన ఉన్న చిరునామా చూసి ఇది ఎవరి ఉత్తరమా అనుకుంటావు. నాదే. ఏప్రిల్ నుంచి నేను ఉంటున్న చోటు ఇది.

మా తమ్ముడి స్థలం అమ్మగా డబ్బు వచ్చింది. చాలా వచ్చింది. ఈ ఫ్లాటు నా సొంతం. నెలకి మన పింఛనుకి ఆరు రెట్లు వడ్డీ వస్తోంది. నేను ఏ రాత్రీ తిండి మానలేదు. కప్పు కురవలేదు, బాగు చేయించలేదు. నువ్వు పంపిన డబ్బు పోస్టుమాను ఇచ్చిన మడతలోనే, బీరువాలో ఉంది. శాలువా నేనే కొన్నాను. అప్పు చేయలేదు. ఆ షాపులో అటువంటివి ఇంకో రెండు కొన్నాను, నాకోసం.

ఇవన్నీ నీకు రాయకుండా దాచడానికి కారణం, నువ్వు ఒంటరిదానివైపోతావని అనుకున్నాను. చాలాకాలం నాకు నేను అదే చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం ఇప్పుడు రాయకపోతే మళ్ళీ రాయలేను. నీకు తెలిస్తే సాయం అడుగుతావేమోనని భయపడ్డాను. ఒకసారి కంటికి, ఒకసారి అద్దెకి, ఇక అలా అలవాటవుతుందేమోనని. మొదటిసారి చేతికి డబ్బు వచ్చిన దాన్ని, ఎక్కడ కరిగిపోతుందోనని గుప్పిట మూసుకుని కూర్చున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళలో నువ్వు నన్ను ఏమీ అడగలేదు. టిఫిను డబ్బాలో సగం నా ముందుకి జరిపినప్పుడు కూడా, తింటావా అని అడగలేదు, జరిపావంతే. అటువంటి నిన్ను చూసి భయపడ్డాను.

నిన్న పెద్దాసుపత్రికి మనిషిని పంపి కనుక్కున్నాను. వంతులెవరివీ వెనక్కి జరపలేదు. ఆగస్టు పన్నెండున నీ పేరు పిలిచారు. నువ్వు వెళ్ళలేదు.

ఆపరేషను ఎక్కడైనా సరే, ఎంతైనా సరే నేను చేయిస్తాను. నన్ను రావద్దంటే రాను. కానీ ఆలస్యం చేయకు, నొప్పి అన్నావు, అది మంచిది కాదట. నువ్వు ఏం రాసినా పడతాను. ఏమీ రాయకుండా మాత్రం ఉండకు.

పిచ్చుక


సైకిల్ షాపు,
అక్టోబరు, మొదటి వారం

పార్కు ఎదురుగా ఉండే ఫ్లాటు గారికి,

ఇది రాస్తున్నది నేను, కింద సైకిల్ షాపు వాణ్ణి. ఆవిడకి రెండో కన్ను కూడా మసకబారింది, చెప్తుంటే రాస్తున్నాను. ఒక్క ముక్క కూడా మార్చవద్దని ఒట్టు వేయించుకుంది. ఇక్కడి నుంచి ఆవిడ మాటలే.

మీ ఉత్తరం అందింది. చదవడానికి నాకు కళ్ళు లేవు కాబట్టి షాపాయనని చదవమన్నాను. నాకు చెవులు కూడా లేవు కాబట్టి ఆయన అరిచి చదివాడు. షాపు ముందు బెంచీ మీద నలుగురున్నారు. పంక్చరు వేయించుకునేవాళ్ళు, కూరగాయలావిడ. మీకు ఆరు రెట్లు వడ్డీ వస్తుందని ఇప్పుడు మా వీధి మొత్తానికి తెలుసు. నేను అడుగుతానేమోనని మీరు భయపడ్డారన్న చోట ఆయన గొంతు తగ్గించాడు. వినపడలేదు, మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివాడు, అరిచి. అందరూ నేల చూపులు చూశారు.

మీకు డబ్బొచ్చినందుకు నాకేం బాధ లేదు. మీ తమ్ముడు మంచివాడు. అతని కష్టం మీకు దక్కడం న్యాయమే.

(ఇక్కడ ఆవిడ, పోయి మీ పని చూసుకోండి అంది. నేను చేతిలో పని చూసుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఇప్పుడు చెప్తోంది.)

పిచ్చుకా, వాన పడ్డ ప్రతి రాత్రీ లేచి కూర్చునేదాన్నే. ఇప్పుడు దాని గిన్నె నిండి ఉంటుంది, లేచి పారబోసుకుంటోందో లేదో అని. నువ్వు రాత్రి తినడం లేదంటే నేనూ మానేశాను. అది పొదుపు కాదే. నీకు తోడుగా మానేశాను. నువ్వు లేని చోట నేను ఒక్కదాన్నే కూర్చుని నీకు తోడు ఇచ్చాను. నాకు అది తలుచుకుంటేనే సిగ్గుగా ఉంది. నువ్వు పడాల్సిన సిగ్గు నేనెందుకు పడుతున్నానో తెలియడం లేదు.

వంతు సంగతి నేను అబద్ధం రాశాను. ఒప్పుకుంటున్నాను. నీకు డబ్బు పంపడానికి ఆడిన అబద్ధం అది. నీ అబద్ధమూ నా అబద్ధమూ ఒకటేనని మాత్రం అనకు.

నీ బీరువాలో ఉన్న నా డబ్బు తీసుకుని రా. నాదే, అంతే, ఒక్క నోటు ఎక్కువ వద్దు. ఆసుపత్రిలో మళ్ళీ పేరు రాయించాను, ఇరవయ్యో తారీఖున రమ్మన్నారు. కంట్లో మందు చుక్కలు వేయడానికి పక్కన మనిషి ఉండాలట. రెండు వారాలు ఉండగలిగితే ఉండు. కానీ నా గదిలో నా పింఛను మీద బతకాలి. నీ పర్సు కింద షాపాయన దగ్గర పెట్టి మెట్లెక్కాలి.

(పర్సు భద్రంగా ఉంచుతాను. త్వరగా రండమ్మా. ఇది నేను సొంతంగా రాస్తున్నాను, ఆవిడకి చెప్పకండి. మొన్న మెట్ల మీద పడింది. దెబ్బలేం లేవు.)


సైకిల్ షాపు మీది గది,
నవంబరు, చివరి వారం

పిచ్చుకా,

నా చేత్తో నేనే రాస్తున్నాను. ఇంత పెద్ద అక్షరాలేమిటని నవ్వకు. ఎడమ కన్నుకీ కుడి కన్నుకీ ఇంకా సఖ్యత కుదరలేదు.

డాక్టరు నిన్ను పక్కకి తీసుకెళ్ళి ఏం చెప్పాడో నువ్వు నాకు చెప్పలేదు. నిన్న నేనే నిలదీసి అడిగాను, నా ఎదురుగా నిలబడి గట్టిగా చెప్పాడు. "పొర ముదిరిపోయి లోపల ఒత్తిడి పెరిగిందమ్మా. ఆగస్టులో వచ్చుంటే చూపు పూర్తిగా వచ్చేది. పోయినంత మేరా ఇక రాదు." కుడి పక్క అంచు నుంచి వచ్చేవి నాకు కనపడవు. రోడ్డు దాటేటప్పుడు తల పూర్తిగా తిప్పాలి. అంతే. పుస్తకాలు కుట్టడం కుదరదు. సూదిలోకి దారం ఎక్కుతుంది గానీ వరస నిలవదు. ఇది నీ దగ్గర దాచి ప్రయోజనం లేదు. దాచడాలు ఇక చాలు.

నువ్వున్న పదహారు రోజులూ నా షరతు తప్పకుండా బతికావు, అది చూశాను. మూడో రోజు మార్కెట్టులో వాడిన టొమాటోలు ఏరుతూ ఏడ్చావని కూరగాయలావిడ చెప్పింది. ఎందుకేడ్చావో అడగను. కింద పర్సు పెట్టి మెట్లెక్కిన మనిషి, రెండు వారాల తర్వాత అది మళ్ళీ చేతికొస్తుందని తెలిసిన మనిషి, ఆ టొమాటోలు చూసి ఏడిస్తే దాని అర్థమేమిటో నాకు తెలీదు. నాకైతే అవి టొమాటోలు.

ఒకటి మాత్రం చెప్పాలి. ఆపరేషనైన ఐదో రోజు, చుక్కలు వేస్తూ నా మొహం మీదికి వంగి నువ్వేదో అడిగావు. నాకు వినపడలేదన్నాను. నువ్వు మళ్ళీ అడగలేదు. పిచ్చుకా, వినపడింది. క్షమించావా అని అడిగావు. నా దగ్గర జవాబు లేక చెవుల మీదికి నెట్టాను. ఇప్పటికీ లేదు. ఉన్నప్పుడు రాస్తాను. లేకుండానే రాస్తే అది కూడా కురిసే కప్పు లాంటిదే అవుతుంది.

నెలనెలా ఇంత పంపుతానని బస్సెక్కేటప్పుడు అన్నావు. వద్దు. పట్టుదల కాదు. నీ డబ్బు ఈ గదిలోకి వస్తే నేను రాసే ప్రతి ఉత్తరం రసీదులా అవుతుంది. అవసరమైన రోజు అడుగుతాను. అడగడం ఎలాగో నేను కొత్తగా నేర్చుకోవాలి, నువ్వు భయపడకుండా వినడం నేర్చుకో.

దానికి బదులు ఇంకొకటి కావాలి. ఇక మీదట నువ్వు ఎలా బతుకుతున్నావో ఉన్నది ఉన్నట్టు రాయి. ఏం తిన్నావు, ఏం కొన్నావు, ఎంతైంది. నేను బాధపడతానని తగ్గించి రాయకు. చదివి నాకు అసూయ పుడితే పుట్టనీ. అది నా పని, నేను చూసుకుంటాను. ఆ అసూయ కూడా నా తరఫున నువ్వే పడకు.

అక్క


పార్కు ఎదురు ఫ్లాటు, మూడో అంతస్తు,
డిసెంబరు, రెండో ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. ఆరుసార్లు మొదలుపెట్టి చింపేశాను. చింపిన వాటిలో ఒకదాంట్లో, ఈమధ్య నేనూ ఖర్చు తగ్గించుకున్నాను అని రాశాను. తగ్గించుకోలేదు. అందుకే చింపాను.

నీ కుడి కన్ను సంగతి నువ్వు రాసిన చోటు దాకానే చదవగలిగాను, తర్వాత లేచి వెళ్ళిపోయాను. వీధిలో నడుస్తూ కుడి కన్ను మూసుకుని చూశాను. ఒకతను తగిలాడు, నాదే తప్పయినా ఆయనే సారీ చెప్పాడు. ఇంటికొచ్చాక ఆ పని చేసినందుకు కూడా తల కొట్టేసినట్టయింది. నేను ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆ కన్ను తెరుచుకోగలను కదా.

నువ్వు జవాబు లేదన్నావు. తొందర లేదు. తొందర లేదని రాయడానికి కూడా నాకు హక్కుందో లేదో తెలియదు.

ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు. రాస్తున్నాను.

పొద్దున రెండు గుడ్లు, రొట్టె, వెన్న తిన్నాను. మధ్యాహ్నం చేప. రాత్రి తింటాను. పనిమనిషిని పెట్టుకున్నాను, బట్టలుతికి ఇల్లు తుడుస్తుంది. ఆవిడ వచ్చినప్పుడు నాకు ఎక్కడ నిలబడాలో తెలియక పక్క గదిలోకి వెళ్ళి పనున్నట్టు నటిస్తాను.

నిన్న ఒక కుర్చీ కొన్నాను. ప్రెస్సులో బల్లల మీద వంగి వంగి నడుం పోయింది కదా, వీపుకి ఆనుకునేలా, చేతులు పెట్టుకునేలా ఉంది. షాపులో మూడుసార్లు కూర్చుని లేచాను. అమ్మేవాడు నవ్వాడు. కొనకుండా తలుపు దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి కొన్నాను. దాని ధర రాయాలంటే చెయ్యి రావడం లేదు. అర్ధగంట నుంచి ఈ వాక్యం దగ్గరే కూర్చున్నాను. సగం చేసి రాద్దామనిపించింది, సెకండ్ హ్యాండుదని రాద్దామనిపించింది, అసలు కుర్చీ ప్రసక్తే లేకుండా తీసేద్దామనిపించింది.

నాలుగు నెలల పింఛను, అక్కా. నీది.

దాంట్లో కూర్చునే ఇది రాస్తున్నాను. చాలా హాయిగా ఉంది.

పిచ్చుక